రెండో అర మూసిన కెమెరా

"అన్నా, మా అక్క ఫోటో ఒకటి కావాల," అంది నా దగ్గర కెమెరాలు కొనే అక్కకు చెల్లెలు, అంగడి మెట్లు ఎక్కుతూనే. "బాడీని రేపు పదకొండుకు చర్చికి తీస్కపోతాండాం. పెట్టె ముందర పెట్టేదానికి."

కర్నూలులో ముప్పై ఏళ్లుగా పాత కెమెరాలు కొని, తుడిచి, కొత్తవాటి మాదిరి కనబడేట్టు చేసి అమ్ముకుంటున్నవాణ్ణి నేను. మా వ్యాపారంలో బాడీ అంటే కెమెరా. లెన్సు ఊడదీశాక చేతిలో మిగిలేది. అందుకని చెల్లెలి మాట వినగానే, కెమెరాను చర్చికెందుకు తీసుకుపోతున్నారబ్బా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆ తర్వాతగానీ అర్థం కాలేదు. ఆ ఒక్క క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను. ఆమె ఉండుంటే మాత్రం కడుపు పట్టుకొని నవ్వేది.

"ఎప్పుడమ్మా?"

"తెల్లారి లేస్తానే. గుండెకాడ పట్టుకుందంట. నీళ్లు తెచ్చేలోపల అయిపాయ."

కుర్చీ జరిపాను. కూర్చోలేదు. ఏడవడానికి తర్వాత టైముంటుంది, ఇప్పుడు ఫోటో పని చూడాలన్నట్టు నిలబడింది. అక్క పోలికే.

"ఇంట్లో ఒక్కటి కూడా లేదా?"

"యాడుంటాదన్నా? మా ఇంట్లో అందరి ఫోటోలూ ఉండాయి. అన్నీ ఆమె తీసినవే. తీసేటామె దాంట్లో యాడుంటాది? ఎవురన్నా సెల్లు ఎత్తితే మొగం తిప్పుకునేది. ఆధార్ కార్డుది ఒకటి ఉండాది గానీ..."

ఆ ఆధార్ ఫోటో నాకు తెలుసు. ఒకసారి ఆమే తీసి చూపించి, "ఈ మొగం చూసి రేషను ఎట్ల ఇస్తాండారో కదప్పా" అంది.

"నీ కాడ పదిహేనేండ్లు కెమెరాలు కొన్యాది. నీ కాడ లేకుంటే ఇంగ యాడా ఉండదు. వెతుకన్నా," అని చెప్పి చెల్లెలు పోయింది. పాతూరిలో ఆమె ఎరిగిన ఇళ్లన్నిటికీ కబురు చెప్పి రావాలట.

వెతికాను. నా కంప్యూటరులో ఆమె తీసిన ఫోటోలు కొన్ని వందలు దొరికాయి. అన్నీ ఒకటే ఫోటో. నల్లటి కడప బండ మీద తెల్లటి చేతిగుడ్డ.

*

ఆమెది ఆడవాళ్ల గదుల్లో ఫోటోలు తీసే పని. పాతూరి ముస్లిముల ఇళ్లల్లో పెండ్లయితే, పరదా ఇవతల మగవాళ్ల పక్క మామూలు ఫోటోగ్రాఫర్లుంటారు. వాళ్ల దగ్గర డ్రోనుంటుంది, గొడుగు లైట్లుంటాయి, గండికోటలో పెండ్లికి ముందు తీసిన పాటొకటి తెర మీద ఆడుతుంటుంది. పరదా అవతలికి మాత్రం మగ పురుగు పోకూడదు. అక్కడికి ఈమె పోయేది. నంద్యాల పక్క ఏదో పల్లెలో కూలిపనికి పోయే క్రైస్తవుల ఇంట్లో పుట్టిన మనిషి ఆ గదుల్లోకి మొదట ఎట్లా పోగలిగిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఇళ్లల్లో ఆమె 'ఫోటో ఆపా'. చర్చిలో సిస్టర్. నాకు అక్క.

ఆ గదుల్లో ఆడవాళ్లు ముసుగులు తీసేసి, కొప్పులు విప్పుకొని, ఒకరినొకరు గిల్లుకుంటూ నవ్వుతుంటారట. ఇంతవరకే చెప్పింది. ఇంకొంచెం అడిగితే "నువ్వు లెన్సులు తుడుచుకోప్పా" అనేది.

ఆమె పద్ధతి ఒకటుంది. ప్రతి పెండ్లికీ నా దగ్గర ఒక కొత్త మెమొరీ కార్డు కొనేది. పెండ్లి అయిపోగానే, అందరూ చూస్తుండగా కార్డును కెమెరాలోంచి తీసి, తెల్లటి చేతిగుడ్డలో ముడేసి, పెండ్లికూతురి తల్లి చేతిలో పెట్టేది. ముడి మీద తన చెయ్యి పెట్టి, "ఇంతేనమ్మా. ఇంకేం లేదు" అనేది. ఆల్బం కావాలంటే మరుసటి రోజు తన చిన్న ప్రింటరు పట్టుకొని మళ్లీ ఆ ఇంటికే పోయి, వాళ్ల ముందరే అచ్చు తీసిచ్చి వచ్చేది. ఇంటికి ఒక్క ఫోటో తెచ్చుకునేది కాదు. పెండ్లికి రెండు కార్డులు, ఒకటి అందరినీ పిలిచేది, ఒకటి ఎవరికీ చూపనిది అని నేనొకసారి చమత్కరించాను. "రెండోది నీ అంగడిదే కాబట్టి బాగానే నవ్వుతావులే" అంది.

దీనివల్ల నాకు జరిగిన అన్యాయం ఒకటుంది. పదిహేనేళ్లు ఆమెకు కెమెరాలు అమ్మాను, లెన్సులు మార్చాను, ఆమె కళ్లు చెడిపోకుండా కళ్లజోడు అంగడికి కూడా నేనే పంపాను. ఆమె తీసిన పెండ్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. మంచి ఫోటోగ్రాఫరా, కాదా? ఆ సంగతి ఊళ్లో ఆడవాళ్లకే తెలుసు. నాకు తెలిసిందల్లా చేతిగుడ్డను బాగా తీస్తుందని.

*

చేతిగుడ్డ సంగతి చెప్పాలి.

అంగడి వెనకాల సామాను గది ఉంది. కిటికీ లేదు, ఒకటే బల్బు. గోడకు బిగించిన కడప బండ మీద పనికిరాని ట్రైపాడ్లు పడుంటాయి. కెమెరా ఏదైనా సరే, కొనే ముందు ఆమె ఆ గదిలోకి పోయేది. ట్రైపాడ్లు పక్కకు నెట్టి, బండ మీద దుమ్ము చెయ్యితోనే తుడిచి, చేతిగుడ్డ పరిచి, బల్బు కింద ఫోటో తీసేది.

"నల్లది నల్లగుండాల. తెల్లది తెల్లగుండాల. రెండూ ఒక్క ఫోటోలో, ఫ్లాషు లేకుండా," అనేది. "పెండ్లికూతురి జరీ తెల్లగా మండిపోయి, పక్కన అవ్వ మొగం బొగ్గయితే ఆ అవ్వకు నేనేం చెప్పాల?"

నేను మెగాపిక్సెళ్లు చదివేవాణ్ణి. ఇరవై నాలుగు, ముప్పై మూడు, నలభై అయిదు, ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఆమె ఓపికగా వినేది. "ఎన్ని పిక్సెళ్లుంటే ఏముందప్పా, పిసరంత వెలుతుర్లో పనిచెయ్యకపోతే?"

తర్వాతి పరీక్ష చెవిది. కెమెరాను చెవి దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని నొక్కేది. లోపల అద్దం ఎగిరి పడే పాతరకం కెమెరాలైతే ఒక్క నొక్కుకే వెనక్కిచ్చేసేది. "దీని గొంతు పెద్దదబ్బా. తల్లీకూతుళ్లు కరుచుకొని ఏడుస్తాంటారు, ఇది టపీమంటాది. ఏడుపు ఆపి ఇద్దరూ నా తట్టు చూస్తారు. ఇంగ ఆ ఫోటో యాడిది?" అప్పుడు నాకు తట్టింది, నా బతుకంతా రెండు షట్టర్ల మధ్యే గడిచిపోతోందని. అంగడి షట్టరు చప్పుడుకు ఊరు లేస్తుంది. ఆమెకు కావలసిన షట్టరు పక్కమనిషికి కూడా వినబడకూడదు.

అద్దం లేని కెమెరాలు వచ్చిన కొత్తలో, అసలు చప్పుడే చెయ్యనిది ఒకటి తెప్పించి గొప్పగా ముందర పెట్టాను. ఆమె సంచిలోంచి ఇంటినుంచి తెచ్చుకున్న సీరియల్ లైట్ల దండ తీసింది. బండ చుట్టూ పేర్చి, వెలిగించి, తీసింది. ఫోటోలో చేతిగుడ్డ మీద నల్లటి చారలు, చీర అంచుల మాదిరి.

"చూసినావా? చప్పుడు లేకుండా తీస్తే ఈ లైట్ల కింద చారలు పడతాండాయి. పెండ్లికూతురు మొగం మీద పడితే దిష్టి తగిలిందంటారు. మెల్లగా మాట్లాడే కెమెరా చూడు. మూగది వద్దు."

ముప్పై ఏళ్ల అనుభవమున్నవాణ్ణి. నాకు ఆ పరీక్ష తోచలేదు.

ఇక లెన్సులు. నేను ప్రతిసారీ పెద్ద జూము లెన్సు అమ్మాలని చూసేవాణ్ణి, సొరకాయంతది. "ఇది ఎత్తుకొని పోతే పెండ్లికూతురు ఫిరంగి అనుకొని మంచం కిందికి దూరుతాది" అనేది. యాభై మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకో అక్కా, మొగాలు ముద్దుగా వస్తాయి అంటే, "గది చిన్నది, పెండ్లి పెద్దది. యాభై పెడితే నేను వెనక్కి పోయి పోయి గోడకు ఆనుకుంటా. ఆ గోడ అవతల మొగోళ్లుంటారు." సరే, ఇరవై నాలుగు, గది మొత్తం పడుతుంది అంటే, "పడతాది. ఓరకు కూచున్న అత్తగారి చెయ్యి తొడంత అవుతాది. నాకు ఇంగో పెండ్లి రావద్దా?"

ముప్పై అయిదు. పదిహేనేళ్లూ అదే. బాడీలు మారాయి, ఆ చిన్న లెన్సు మారలేదు. దాంతో ఎవరిని ఎంత దూరంలో నిలబెడితే ఎట్లా వస్తారో అడుగులతో సహా తెలుసు. మధ్యలో ముసలివాళ్లు, ఓరకు సన్నటి పిల్లలు. "ఆ పిల్లల చేతులు కొంచెం లావైనా పర్వాలేదు, వాళ్లకు మంచిదే."

వీడియో కూడా తీసేది. మొదటిసారి వీడియో కెమెరా చూపించినప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటీ అడగలేదు. "మాటలు పడకుండా మూసేది యాడుండాది?" అంది. ఆ గదుల్లో అత్తల గురించి పడే మాటలు రికార్డయితే, పెండ్లి అయిన వారానికే పంచాయితీ అవుతుందట.

ఫోటో తీసేటప్పుడు చాలామంది ఒక కన్ను మూస్తారు. ఆమె మూసేది కాదు. ఒక కన్ను కెమెరాకు ఆనించి, ఇంకో కన్ను పూర్తిగా తెరిచి పెట్టేది. కండ్లు గుంజవా అక్కా అంటే, "ఒకటి ఫోటో చూస్తాంటాది, ఇంకొకటి మనుషుల్ని చూస్తాంటాది. ఎవురికన్నా ఇష్టం లేకుంటే ఆ కంటికే తెలుస్తాది" అనేది.

*

ఇప్పుడు నా ఘనకార్యం.

నాలుగేళ్ల కిందట హైదరాబాదు నుంచి మంచి బాడీ ఒకటి వచ్చింది. మెల్లగా మాట్లాడే రకం. చేతిగుడ్డ పరీక్షలో, చెవి పరీక్షలో, సీరియల్ లైట్ల పరీక్షలో నెగ్గింది. దాంట్లో కార్డులు పెట్టే అరలు రెండున్నాయి. తీసిన ప్రతి ఫోటోనూ రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాసుకునే ఏర్పాటు ఉంది. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని. ఆ ఏర్పాటు పనిచేస్తోందా లేదా అని రెండో అరలో నా కార్డొకటి పెట్టి చూశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. అంత సంతోషంలో కార్డు తియ్యడం మరిచిపోయాను. ఏర్పాటు మార్చడం కూడా మరిచిపోయాను. అక్కడికీ లెన్సు మూత మాత్రం మరిచిపోకుండా పెట్టిచ్చాను.

వారం తర్వాత మధ్యాహ్నం, ఎండ మండిపోతున్న వేళ వచ్చింది. కెమెరాను బల్ల మీద పెట్టి, పక్కనున్న చిన్న తలుపు తెరిచింది.

"ఇది ఎవురిదప్పా?"

చూశాను. నా కార్డు.

"నాదే అక్కా. పరీక్షకు పెట్టి..."

"నిన్న పెండ్లి తీసినా. కార్డు తీసి తల్లి చేతిలో పెట్టినా. 'ఇంతేనమ్మా, ఇంకేం లేదు' అన్యా. ఈ పొద్దు ఇంగో పెండ్లికని తలుపు తెరిస్తే, పక్క అరలో ఇది కూచోనుండాది. నిన్న ఆ సందట్లో చూసుకోలే. పెండ్లంతా దీంట్లో ఉంటాది కదా?"

అలవాటుగా నా చెయ్యి కార్డు మీదికి పోయింది, కంప్యూటరులో పెట్టి చూద్దామని. ఆమె అరచెయ్యి ఠపీమని దాని మీద పడింది. పదిహేనేళ్లలో ఆమె నా ముందర చేసిన పెద్ద చప్పుడు అదొక్కటే.

"చూడను, చూడను," అన్నాను. "కెమెరాలోనే తుడిపేద్దాం అక్కా. రెండు నొక్కుళ్లు. ఎవరికి తెలుస్తాది?"

"తుడిపితే ఫోటోలు పోతాయి. నేనన్న మాట యాడికి పోతాదప్పా? అది అబద్ధమై కూచోనుండాది ఆడ."

"నువ్వు కావాలని చేసింది కాదు కదా."

"కాదు. అందుకే పోయి చెప్తా. పా."

"నేనెందుకు?"

"కార్డు నీది కదా. నువ్వూ రా."

చెప్పులేసుకున్నాను. ఆమె 'పా' అన్న తర్వాత కూర్చోవడం నావల్ల అయ్యేది కాదు.

కొండారెడ్డి బురుజు దాటి, పాతూరి సందుల్లో ఒకరి వెనక ఒకరు నడిచాం. దారిలో నాకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. ఈ పెండ్లి ఇంటివాళ్లది పెద్ద కుటుంబం. ఆ నెలలోనే వాళ్ల చుట్టాల్లో ఇంకా మూడు పెండ్లిళ్లున్నాయి. ఫోటో ఆపా దగ్గర రెండో కార్డు ఉండిందట అనే మాట ఒక పరదా దాటితే చాలు, ఏ పరదా వెనక్కీ ఆమెను మళ్లీ రానివ్వరు. ఆమెకు వేరే పని లేదు. మిగిలేది చేతిగుడ్డ ఒక్కటే.

నన్ను ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి షర్బత్ ఇచ్చారు. ఆమె పరదా లోపలికి పోయింది. నేను గ్లాసు పట్టుకొని, గుడ్డకు అవతల నా తలరాత వింటూ కూర్చున్నాను.

"ఇది నిన్న నాకు తెలీకుండా నిండిన కార్డమ్మా," అంది ఆమె గొంతు. తర్వాత అంతా చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట నా మీదికి తోసెయ్యలేదు.

తర్వాత పెండ్లికూతురి తల్లి అడిగింది. "ఎవరన్నా చూసిండ్రా, ఆపా?"

"లేదు. కార్డు ఆయనది. బయట కూచోనుండాడు, అడగండి."

"ఏం భయ్యా, చూసినావా?"

"చూడలేదమ్మా," అన్నాను. నిజమే చెప్పాను. కానీ నా గొంతు సన్నగా, పగిలినట్టు, దొంగ దొరికినప్పుడు వచ్చే గొంతులా వచ్చింది.

"నిజం చెప్పినా అబద్ధం మాదిరి ఉండాది ఈయన గొంతు!" అంది ఎవరో ముసలామె. లోపల నవ్వులు. తల్లి నవ్వలేదు.

"నువ్వు చెప్పకుంటే మాకు తెలిసేది కాదు కదా ఆపా?"

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు చెప్పినావు?"

"'ఇంకేం లేదు' అనే మాట కోసమే కదమ్మా మీరు నన్ను పిలుస్తాండారు. కెమెరా అయితే ఎవురన్నా కొంటారు."

తల్లి కార్డు అందుకున్నట్టుంది, గాజులు గలగలమన్నాయి. "ఈ కార్డు కూడా నా దగ్గరే పెట్టుకుంటా. నీ మీద కోపం లేదు. నాకు భయమైతాంది, అంతే. శుక్రవారం మా ఆడబిడ్డ ఇంట్లో మెహందీ ఉంది కదా. దానికి నువ్వు రావద్దు ఆపా."

తిరిగొచ్చేటప్పుడు నేను ఆమె వెనకాలే నడిచాను. బురుజు దగ్గరికి వచ్చాక ఆమే ఆగింది.

"మీ అంగడికే పోదాం పా. ఆ రెండో అర మూసేద్దాం."

"ఏర్పాటు మార్చేస్తాను అక్కా. ఒక్క నొక్కు."

"నొక్కితే మారేది మళ్లీ నొక్కితే మారుతాది. మూసెయ్యి. ఇంగ తెరుచుకోకూడదు."

నీళ్ల పైపు కారితే పెట్టే బంకముద్ద ఉంటుంది కదా, పిసికి పెడితే రాయయ్యేది. అది తెప్పించింది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. రేపు దీన్ని ఎవరు కొంటారక్కా, నంబరు వన్ బాడీ అక్కా అన్నాను. "నేను అమ్మితే కదా" అంది. ముప్పై ఏళ్లు కెమెరాలు బాగుచేసిన చేతులతో, బాగున్న కెమెరాను చేతులారా చెడగొట్టాను. ముద్ద ఆరకముందే ఆమె బొటనవేలు గట్టిగా దాని మీద అదిమింది. గీతలతో సహా ముద్ర పడింది.

"మా అమ్మ ఏలిముద్ర ఏసేది," అంది దాన్ని చూసుకుంటూ. "నన్ను చదివిచ్చింది నేను ఏయకూడదనే."

ఆ మూడు పెండ్లిళ్లూ పోయాయి. మాట పరదాలు దాటింది. ఆ ఎండాకాలమంతా ఒక్క పిలుపు లేదు. కొన్నాళ్లు గమ్మునుండక్కా, జనం మర్చిపోతారు అన్నాను. "మర్చిపోతే ఎట్లప్పా? గుర్తుపెట్టుకొని పిలవాల" అంది. కెమెరా సంచిలో వేసుకొని, తను ఫోటోలు తీసిన ప్రతి ఇంటికీ నడిచిపోయింది. ప్రతి ఇంట్లో తలుపు తెరిచి, మూసిన అర చూపించి, జరిగింది మొదటి నుంచి చెప్పింది. తెలియని వాళ్లకు కూడా తనే చెప్పిందంటే నేను తల పట్టుకున్నాను. వారానికోసారి మా అంగడికి వచ్చి, సామాను గదిలో చేతిగుడ్డ ఫోటో తీసి పోయేది. చెయ్యి మొద్దుబారకూడదట.

వానలు మొదలయ్యాక ఒక పొద్దు వచ్చి, "ఒక కార్డు ఇయ్యప్పా" అంది. ఆ తల్లే పిలిపించిందట, మరిది కూతురి నిశ్చితార్థానికి. నేను కార్డు బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని ఎత్తి, కింద చూసి, నా చేతుల వైపు చూసింది.

"ఒకటే కదా?"

*

చెల్లెలు వచ్చిపోయిన ఆ మధ్యాహ్నమే, మూడు గంటలకు, ఒక ఆటో ఆగింది. బురఖాల్లో ఇద్దరు ఆడవాళ్లు దిగారు. గొంతు వినగానే పెద్దామెను గుర్తుపట్టాను. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు, విన్నాను.

"ఆపా ఫోటో కావాలంట కదా భయ్యా. వాళ్ల చెల్లెలు వచ్చి చెప్పింది." చేతిలో తెల్లటి చేతిగుడ్డ, ముడి. "మా పాప పెండ్లిది. అద్దంలో ఆపా పడింది."

పెండ్లిలో జల్వా అని ఒక వేడుక ఉంటుంది. పెండ్లికొడుకును లోపలికి పిలిచి, పెండ్లికూతురి ముందర అద్దం పెట్టి, అద్దంలో ఒకరి మొగం ఒకరికి చూపిస్తారు. వాళ్ల వెనకాల నిలబడి కెమెరా ఎత్తిన మనిషి, ఎప్పుడూ ఎవరి ఫోటోలోనూ పడని మనిషి, ఆ ఒక్కసారి అద్దానికి దొరికిపోయింది.

ముడి విప్పింది. లోపల కార్డు. చూడగానే నాకు తెలిసిపోయింది. అది నా పాత కార్డు, అంచు మీద నా గోటి గీత ఉంది.

"ఇది రెండోది కదమ్మా?"

"ఇదే మిగిలింది. మొదటిది పోయిన సంవత్సరం ఖరాబైపాయ, తెరుచుకుంటాలేదు. నీ అంగడి కార్డే." ఆ మాట అనకపోయినా నాకు అర్థమయ్యేది. "ఆ పొద్దు ఆపా ఇది తెచ్చియ్యకుంటే మా పాపకు పెండ్లి ఫోటోలే లేవు."

రెండు నొక్కుళ్లు, ఎవరికి తెలుస్తుంది అన్న నా సలహా గుర్తొచ్చింది. నీళ్లు తాగాను.

"ఇయ్యండమ్మా, రెండు నిమిషాల్లో అచ్చు తీసిస్తా," అని చెయ్యి చాచాను.

ఆమె పిడికిలి మూసింది. "మా పాప కూడా ఉంది కదా దాంట్లో. నువ్వు చూడకూడదు."

అవును కదా. ఆలోచించి, కూతుర్ని నా కుర్చీలో కూర్చోబెట్టాను. నేను సామాను గది గడపలోకి పోయి, వాళ్లకు వీపు పెట్టి, కడప బండకు ఎదురుగా నిలబడ్డాను. బడిలో నిలబడ్డట్టు.

"కార్డు ఎడమపక్క సందులో పెట్టమ్మా. తెరుచుకుందా?"

"ఆఁ. అమ్మీ, దేఖో, ఎంత సన్నగుంటినో అప్పుడు!"

"ఆపాను వెతుకు," అంది తల్లి. కాసేపటికి నొక్కుళ్ల చప్పుడు ఆగింది. దొరికినట్టుంది.

"ఎంత ఉందమ్మా మొగం?"

"గోరంత."

ముప్పై అయిదు లెన్సు, అద్దంలో, గది అవతలి దూరం. గోరంతే ఉంటుంది. "అంత చిన్నది కత్తిరించి పెద్దది చేస్తే బాగా రాదేమోనమ్మా."

"చూడకుండా ఎట్ల చెప్తావు భయ్యా?"

పైన వరసలో మూలలు కలిపిన గీతల బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కమన్నాను. నీ మొగం, మీ ఆయన మొగం బయటికి పోయేదాకా గీతలు లోపలికి లాగమన్నాను. "పోయినామా?" "పోయినాం." ఇప్పుడు అచ్చు వెయ్యమన్నాను. ప్రింటరు గరగరలాడింది. కాగితం బయటికి వచ్చాక, "ఇప్పుడు తిరుగు" అంది తల్లి.

తిరిగాను.

ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. నలభై అయిదు మెగాపిక్సెళ్ల మాట అందామన్నా నోరు రాలేదు. అద్దం అంచు ఒక పక్క, సీరియల్ లైట్ల ఎర్రటి మెరుపు ఒక పక్క. మొగంలో సగం కెమెరా. మిగతా సగంలో ఒక కన్ను, పూర్తిగా తెరుచుకొని, ఎవరికన్నా ఇష్టం లేదేమోనని గది మొత్తం కనిపెట్టుకొని ఉంది. కెమెరా నల్లగా వచ్చింది. ఆమె కొంగు తెల్లగా వచ్చింది. రెండూ ఒక్క ఫోటోలో, ఫ్లాషు లేకుండా. మంచి ఫోటోగ్రాఫరా కాదా అనే నా పదిహేనేళ్ల అనుమానం తీరిపోయింది. ఆ నల్ల కెమెరాలో, ఆమెకు తెలియకుండా, రెండో అర అప్పుడే నిండుతోంది.

"భయ్యా, ఇదేదో అడుగుతాంది. దాచిపెట్టేదా అంట," అంది కూతురు తెర చూస్తూ.

"వద్దని నొక్కమ్మా."

నొక్కింది. కార్డు బయటికి తీసి, నా ముందరే చేతిగుడ్డలో పెట్టి ముడేసింది. తల్లి ఆ ముడిని అరచేతిలో పెట్టుకొని, నా వైపు చాపింది, ఏదో మిగిలిపోయినట్టు.

"ఇంతేనా భయ్యా? ఇంకేమన్నా ఉందా నీ దాంట్లో?"

ముడి మీద నా చెయ్యి పెట్టాను.

"ఇంతేనమ్మా. ఇంకేం లేదు."

ఈసారి గొంతు పగల్లేదు.